పిల్లలకి నా నిమ్మరసమే పడలేదంటున్నారు

రాజోలు వైపు ఒక పల్లెటూరి నుంచి ఒక సోదరి, పేరు వేయవద్దని కోరుతూ పెద్ద ఉత్తరం రాశారు. ఆవిడకి ముప్ఫై నాలుగేళ్ళు. భర్తకి కొద్దిగా కొబ్బరితోట, కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు ఉన్నాయి. అత్తమామలు వీళ్ళ దగ్గరే ఉంటారు. వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి పెద్దాడపడుచు పిల్లలతో వచ్చి నెల రోజులు ఉంటుంది. ఆ నెలంతా ఇల్లు పిల్లలతో కళకళలాడుతుంది.

పుట్టింట్లో వేసవి వస్తే ఈవిడ తల్లి దొరికిన పండునల్లా రసం తీసి, నిమ్మకాయ పిండి, గ్లాసుల్లో పోసి ఇచ్చేదట. ఆవిడ పోయాక ఆ అలవాటుని ఈవిడ అత్తింట్లో కొనసాగిస్తున్నారు. మామిడిపండు, అనాసపండు, ద్రాక్ష, పుచ్చకాయ, ఏది దొరికితే దానితో. కిందటి మే నెలలో ఒకరోజు పొద్దున్నే పెద్ద గిన్నెడు పుచ్చకాయ నిమ్మరసం కలిపి పెట్టి, మధ్యాహ్నం అందరికీ పోశారు. ఆ రాత్రి ఆడపడుచు కొడుక్కీ, ఈవిడ కూతురికీ వాంతులు, విరేచనాలు. రాత్రికి రాత్రి మలికిపురం తీసుకెళ్ళి సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. "ఇంట్లో చేసింది, ఇంట్లో చేసింది అంటూ పిల్లల ప్రాణాల మీదకి తెచ్చావు" అంది ఆడపడుచు. "చేతకాని పనులు పెట్టుకోవద్దని చెప్పానా" అన్నారు అత్తగారు, పదిమందిలో. భర్త మాట్లాడలేదు.

ఈ ఏడు ఆడపడుచు ముందే ఫోన్ చేసి "మా పిల్లలకి కూల్‌డ్రింకులు నేనే తెచ్చుకుంటాలే, నువ్వు శ్రమపడకు" అంది. షుగరున్న మామగారేమో పెరట్లోకి వచ్చి "మీ అత్తయ్యకి చెప్పకుండా ఒక గ్లాసు ఇలా ఇవ్వమ్మా" అంటున్నారు. పక్క వీధిలో ఒకరు తమ అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి రెండు వందల యాభై మందికి పళ్ళ నిమ్మరసం చేసిపెట్టమని, డబ్బులిస్తామని అడుగుతున్నారు. వీటన్నిటి మధ్య ఇంకో సందేహం: తాను చేసిన రసం సాయంత్రానికి చేదెక్కిపోతోంది, ఎందుకని? చివర్లో ఇలా రాశారు: "చేస్తే నింద. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టు. ఏం చెయ్యమంటారు?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిల్లలకి బాగోలేని రాత్రి గురించి, ఆ తర్వాత విన్న మాటల గురించి మీరు రెండు పేజీలు రాశారు. మధ్యలో ఒక్క వాక్యం మాత్రం పక్కనే నడిచిపోయినట్టు రాసి వదిలేశారు: "ఫ్రిజ్‌లో ఐసు చాలకపోతే, మా వారు చెరువు దగ్గరకి తెప్పించిన ఐసుగడ్డలో ఒక ముక్క గోనెసంచిలో వేసి పగలగొట్టి ఇచ్చారు." నీళ్ళు కాచి చల్లార్చానని, పళ్ళు రెండుసార్లు కడిగానని మీరు గట్టిగా చెప్పారు. నేను నమ్ముతున్నాను. కానీ అంత శ్రద్ధగా కలిపిన రసంలోకి ఆఖర్న వచ్చి పడింది ఆ ఐసు.

మన డెల్టాలో ఐసు ఫ్యాక్టరీల్లో తయారయ్యే గడ్డల్లో చాలా భాగం చేపలకీ రొయ్యలకీ పోతుంది. అది సరుకు పాడవకుండా చూడ్డానికి చేసేది, తాగడానికి కాదు. ఆ నీళ్ళు ఎక్కడివో మనకి తెలియదు. గడ్డని నేల మీద ఈడుస్తారు, వ్యాన్‌లో రొయ్యల ట్రేల పక్కన పడేస్తారు, పాత గోనెసంచిలో చుట్టి సుత్తితో కొడతారు. గడ్డకట్టినంత మాత్రాన నీళ్ళలో క్రిములు చచ్చిపోవు, కరిగాక మళ్ళీ లేస్తాయి. నిమ్మకాయ పులుపు అన్నిటినీ చంపేస్తుందన్న ధీమా కూడా పనికిరాదు.

అలాగని ఐసే కారణమని నేను తీర్పు చెప్పలేను. పుచ్చకాయ పొద్దున్నే కోశానని మీరే రాశారు. కోసిన పండుగానీ, తీసిన రసంగానీ బయట రెండు గంటలకి మించి ఉండకూడదు. ముప్ఫై రెండు డిగ్రీలు దాటిన ఎండలో అయితే గంటే. మే నెలలో మన వంటిళ్ళు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. పుచ్చకాయలో పులుపు బొత్తిగా తక్కువ కాబట్టి అది మరీ తొందరగా పాడవుతుంది. ఇంకోటి, ముందురోజు సాయంత్రం పిల్లలు తీర్థానికి వెళ్ళి అక్కడ ఏవేవో తిన్నారని కూడా రాశారు. కడుపులో ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లో బయటపడొచ్చు, రెండు మూడు రోజులకీ బయటపడొచ్చు. ఆఖర్న తాగిందే కారణం అవ్వాలని లేదు. అంటే మీ వదిన మీ మీద వేసిన నేరం ఆవిడ రుజువు చెయ్యలేదు, మీ తప్పేమీ లేదని మీరూ రుజువు చెయ్యలేరు. ఏడాది కిందటి ఆ కేసు గెలవాలని చూడకండి. గెలిచే దారి లేదు.

ఇక మాటల సంగతి. మీ వదిన అన్న మాట, అత్తయ్యగారు అన్న మాట మీరు ఒకే గాటన కట్టారు. నాకు రెండూ ఒకటిగా అనిపించడం లేదు. మీ వదిన ఆ రాత్రంతా సెలైన్ సీసా వంక చూస్తూ కూర్చున్న తల్లి. భయంలో నోరు జారింది. ఈ ఏడు ఫోన్‌లో అన్న మాటలో నాకు కోపం కంటే ఆ భయమే ఎక్కువ వినిపిస్తోంది. అదే రాత్రి మీరు కూడా మీ కూతురి పక్కన కూర్చున్నారు, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మీ బాధలో అసలు ముల్లు అదేనేమో చూసుకోండి. అత్తయ్యగారి మాట వేరు. అది పిల్లల గురించి కాదు, మీ చేతి గురించి. ఆ పనితనం మీ అమ్మ దగ్గర నేర్చుకున్నది కాబట్టి అది ఆవిడకీ తగిలింది. బాధపడటంలో తప్పు లేదు.

మీ ముందు మూడు దార్లున్నాయి. మొదటిది పూర్తిగా మానేయడం. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, మీకు ఎండల్లో పని తగ్గుతుంది. కానీ మీరు మనస్ఫూర్తిగా మానేయరు, అలిగి మానేస్తారు. ప్రతి మధ్యాహ్నం బాటిల్ మూత తీసిన చప్పుడల్లా గుచ్చుకుంటుంది. రెండోది, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఈసారి జాగ్రత్తగా చేసి, అందరూ తాగి మెచ్చుకునేలా చెయ్యడం. ఇది ఆకర్షణగానే ఉంటుంది. అయితే సెలవుల్లో ఏ పిల్లాడికి కాస్త కడుపు నొప్పి వచ్చినా, మామిడిపండ్లు ఎక్కువ తిన్నా సరే, వేళ్ళన్నీ మళ్ళీ మీ గిన్నె వైపే తిరుగుతాయి. మూడోది, వాళ్ళు రాకముందే మాట్లాడటం. ఇది కష్టమైనది, నాకు నచ్చింది ఇదే.

ముందు మీ వారితో. ఆ ఐసు తెచ్చింది ఆయన. "మీ వల్లే జరిగింది" అని మొదలుపెడితే ఆయన ఇంకా ముడుచుకుపోతారు. "ఆ ఐసు తాగేది కాదట, మనిద్దరం చూసుకోలేదు. ఈ మాట అత్తయ్యగారి ముందు మీ నోటితో చెబితే నాకు చాలు" అని అడగండి. ఆయన చెబితే సగం బరువు దిగుతుంది. చెప్పకపోతే మీకు బాధే, అయినా ఆయన మీద ఎదురు నింద మాత్రం పదిమందిలో వెయ్యకండి. మీకు జరిగిందే ఆయనకీ జరుగుతుంది.

తర్వాత మీ వదినకి మీరే ఫోన్ చెయ్యండి. "వదినా, పోయినేడు వాడికి అలా అయినందుకు నాకూ చాలా బాధగా ఉంది. ఆ ఐసు వాడకుండా ఉండాల్సింది. ఈసారి బయటి ఐసు లేదు, నిలవ పెట్టడం లేదు. నీకు నమ్మకం ఉంటేనే పిల్లలకి ఇస్తాను, లేకపోతే ఏమీ అనుకోను" అనండి చాలు. ఆవిడ సరే అనొచ్చు, అనకపోవచ్చు. అనకపోతే ఆ పిల్లలకి పొయ్యకండి, వాళ్ళు అడిగినా సరే "అమ్మనడుగు నాన్నా" అనండి. తన పిల్లల విషయంలో ఆవిడ మాట మీరు నిలబెట్టారని తెలిస్తే ఆవిడే మెత్తబడొచ్చు.

ఆవిడ తెచ్చే కూల్‌డ్రింకుల మీద కూడా పంతం వద్దు. అతిథికి రంగునీళ్ళ సీసా ఇవ్వడం మన వైపు ఎప్పటినుంచో ఉన్న మర్యాద. ఆర్టోస్ పుట్టింది మన రామచంద్రపురంలోనే కదా, పెళ్ళిళ్ళలో అది తాగి పెరిగిన వాళ్ళకి సీసా అంటే గౌరవం. అత్తయ్యగారు "వచ్చినవాళ్ళకి సీసా ఇస్తే మర్యాదగా ఉంటుంది" అనడం మిమ్మల్ని తక్కువ చెయ్యడానికే అనుకోనక్కర్లేదు. ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ఇంట్లో చేసినంత మాత్రాన ఆరోగ్యం అయిపోదు. రోజు మొత్తానికి పైనుంచి కలిపే పంచదార, తేనె, పళ్ళరసంలోని తీపి అన్నీ కలిపి ఇరవై అయిదు గ్రాములలోపు, అంటే అయిదారు చెంచాలలోపు, ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మీరు గ్లాసుకి అయిదు చెంచాలు వేస్తే మీ గ్లాసుకీ ఆ సీసాకీ తేడా పెద్దగా మిగలదు.

ఇప్పుడు చెయ్యడం గురించి. చేదు సంగతి ముందు. నిమ్మజాతి పళ్ళలో గింజల్లోనూ లోపలి తెల్లటి పొరలోనూ ఒక పదార్థం ఉంటుంది. రసం తీశాక పులుపులో నానుతూ అది కొన్ని గంటల్లో లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. పిండగానే రుచి బాగుండి సాయంత్రానికి చేదెక్కడానికి కారణం ఇదే. మీరు చెక్కులతో సహా మిక్సీలో తిప్పుతున్నానని రాశారు, అది ఆపెయ్యండి. గింజ నలిగినా చేదే. కాయని అరచేతి కింద పెట్టి గట్టిగా నాలుగుసార్లు దొర్లించి, అడ్డంగా కోసి, గింజలు వడకట్టుకుంటూ చేత్తో పిండండి. చెక్కు తిరగబడేదాకా ఆఖరి చుక్క కోసం నలపకండి. వేసవిలో కాయ ధర మండిపోతున్నప్పుడు మనసొప్పదు గానీ, ఆ ఆఖరి చుక్కతోనే చేదు దిగుతుంది.

అందుకని పండునీ నిమ్మకాయనీ విడిగా ఉంచడం మేలు. పండు పాకం పొద్దున్న చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నిమ్మకాయ తాగే ముందు పిండండి. అనాసపండు అయితే ముక్కలు మెత్తగా చేసి పంచదారతో అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. పచ్చి అనాస నాలిక మీద చురుక్కుమనిపించే గుణం వేడికి పోతుంది. నల్లద్రాక్షని కొద్దిగా నీళ్ళు పోసి సన్నసెగ మీద వెచ్చబెడితే తొక్కలో రంగంతా రసంలోకి వస్తుంది. తర్వాత వడకట్టుకోవచ్చు. మామిడిపండుకి ఉడికించే పని లేదు. చెరుకురసం, పెద్దరసం లాంటి మామిడి రకాలు పిసికి పీచు వడకట్టండి. బంగినపల్లి అయితే గుజ్జు చిక్కగా వస్తుంది, నీళ్ళు ఎక్కువ పడతాయి. ఒక కప్పు గుజ్జుకి నాలుగు నిమ్మకాయలు, లీటరు నీళ్ళు, ఆరు గ్లాసులకి సరిపోతుంది. పంచదార పండు తీపిని బట్టి నాలుగైదు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి రుచి చూడండి. చిటికెడు ఉప్పు వేస్తే తక్కువ పంచదారకే తీపి తెలుస్తుంది. నానబెట్టిన సబ్జా గింజలు పిల్లలకి ఇష్టం. పాకం పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలపాలి, వేడిలో పడితే ఆ తాజా వాసన పోతుంది.

పుచ్చకాయకి మాత్రం నిలవ అన్న మాటే వద్దు. అందరూ కూర్చున్నాక కొయ్యండి, కోసే ముందు కాయ పైన కూడా కడగండి. పొలంలో మట్టి మీద దొర్లిన కాయ అది, కత్తితో పాటు ఆ మట్టి లోపలికి పోతుంది. పంచదార అక్కర్లేదు. పెద్ద గిన్నెడు చేసి అందరూ లేచేదాకా ఉంచే పద్ధతి మానుకుని, ఎంతమంది ఉంటే అంతే కలపండి.

మీరు ఏ గిన్నెలో కలిపారో రాయలేదు. ఇత్తడి, రాగి, సత్తు గిన్నెల్లో పులుపు ఉంచకూడదు, లోహం రసంలోకి దిగుతుంది. స్టీలు గానీ గాజు గానీ వాడండి. నీళ్ళ విషయంలో మీరు చేస్తున్నది సరైనదే, ఇంకాస్త పట్టుదలగా చెయ్యండి. దాళ్వా (రెండో పంట) వరి కోతలయ్యాక ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపి కాలువలు కట్టేశారంటే మన ఊళ్ళకి మంచినీళ్ళ చెరువే గతి, రోజురోజుకీ నీరు అడుక్కి పోతుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. టిన్ను నీళ్ళు తెప్పించుకున్నా మూత తీసి నాలుగు చేతులు గ్లాసు ముంచితే వాటికీ భరోసా లేదు. తెర్లేదాకా కాచి, మూత పెట్టి చల్లార్చి, ఆ నీళ్ళతోనే రసమూ ఆ నీళ్ళతోనే ఐసూ చేసుకోండి. ముందు రాత్రే రెండు స్టీలు డబ్బాల్లో పోసి డీప్‌లో పెడితే పొద్దున్నకి పెద్ద ముక్కలు తయారు. కరెంటు గంటలకొద్దీ పోయిన రోజు ఫ్రిజ్‌లో పాకాన్ని నమ్మకండి, పారబొయ్యండి.

జాగ్రత్తలన్నీ తీసుకున్నా పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఇంట్లో ఉండాలి. దాని బదులు తియ్యటి నిమ్మరసం పొయ్యకండి, ఎక్కువ తీపి విరేచనాన్ని పెంచుతుంది. పిల్లాడు మగతగా ఉన్నా, ఒంటేలు తగ్గినా, నీళ్ళు కూడా ఇమడకపోయినా, రక్తం పడినా ఇక ఇంట్లో చూడొద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మావయ్యగారి విషయంలో నాకు కొంచెం భయంగానే ఉంది. పెరట్లో ఆయన అడిగిన గ్లాసు మీరు ఇస్తే ఆయన సంతోషిస్తారు, రేపు షుగరు పెరిగిన రోజు మాత్రం ఇంట్లో రెండో నింద కూడా మీదే. ఇవ్వకపోతే ఆయన ఊళ్ళో కిళ్ళీకొట్టు దగ్గర తాగి వస్తారు. బెల్లమో తేనో వేస్తే ఫరవాలేదని ఎవరైనా చెబితే వినకండి, షుగరు మనిషికి అవీ పంచదార లాంటివే. మిక్సీ పట్టి వడకట్టిన పళ్ళరసం కూడా పండు తిన్నట్టు కాదు, తీపి తొందరగా రక్తంలోకి పోతుంది. ఆయన కోసం విడిగా ఒక గ్లాసు చెయ్యండి: నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, నలిపిన పుదీనా, కొంచెం ఉప్పు, పంచదార లేకుండా. పిల్లల చేతుల్లో రంగు గ్లాసులుంటే ఆయనకి తెల్లనీళ్ళు ఇచ్చామన్న చిన్నతనం లేకుండా పైన రెండు పుచ్చకాయ ముక్కలు వేసి, అందరితోపాటు వసారాలో, అత్తయ్యగారి ఎదుటే ఇవ్వండి. బీపీ గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే ఉప్పు ఎంతో డాక్టరునే అడగాలి. "మావయ్యగారూ, దాచి ఇవ్వమంటే నావల్ల కాదండీ, మీకోసం వేరే చేశాను" అని చెప్పడానికి మీకు మొహమాటం ఉంటుంది. ఆయన మిమ్మల్ని అమ్మా అని పిలిచే మనిషి, ఒకటి రెండు రోజులు మూతి ముడుచుకున్నా అర్థం చేసుకుంటారు.

ఓణీల ఫంక్షన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఈ ఏడు ఒప్పుకోకండి. మీ చేతి మీద నమ్మకం లేక కాదు. రెండు వందల యాభై మందికి కాచిన నీళ్ళు, తాగే ఐసు, నీడ, వడ్డించే చేతులు, ఇవన్నీ ఒక్క మనిషి చూసుకోలేదు. అక్కడ ఒక్కరికి తేడా చేసినా ఇంట్లో మీరు ఇప్పుడిప్పుడే కుదుర్చుకుంటున్న మాట మళ్ళీ మొదటికొస్తుంది. మరీ కాదనలేని వాళ్ళైతే, సరుకూ మనుషులూ వాళ్ళవి, కొలతలూ పర్యవేక్షణా మీవి అని చెప్పి, పుచ్చకాయ కాకుండా అనాస పాకంతో అక్కడికక్కడే కలిపి ఇచ్చేలా ఒప్పుకోవచ్చు. డబ్బు తక్కువ వస్తుంది, బాధ్యత పంచుకున్నట్టవుతుంది. ముందు ముందు దీన్నే చిన్న వ్యాపారంగా చేసుకోవాలని మీ మనసులో ఉంటే, ఉత్తరంలో రెండుచోట్ల ఆ ఆశ కనిపించింది కాబట్టి చెబుతున్నాను, ఇంట్లో చేసి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అప్పుడు రసాలు కాదు, నీళ్ళు కలుపుకుని తాగే, నిలవుండే స్క్వాష్‌లు చెయ్యడం నేర్చుకోవాలి. వాటిలో కనీసం నాలుగోవంతు పండు ఉండాలి, పంచదార శాతానికీ నిలవ మందు మోతాదుకీ కొలతలున్నాయి, చేతి అంచనా పనికిరాదు. శిక్షణ తీసుకుని, వచ్చే వేసవికి మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

ఫంక్షన్ వాళ్ళకి మాత్రం మీ జవాబు ఈ వారంలోనే చెప్పెయ్యండి. వద్దంటే వాళ్ళు వేరే ఏర్పాటు చూసుకోవాలి కదా.